నల్లతుమ్మ: వంటచెఱకా, కలపయా?

నల్లరేగడి చేల గట్లపై నల్లతుమ్మను చూడని రైతు మన సీమలలో అరుదు. అయినను దాని విలువ నెఱిగి అమ్మువారు కొద్దిమందియే. చెట్లన్నిటిని ఒక్క బేరముగా వంటచెఱకునకో, బొగ్గుల బట్టీకో ఇచ్చివేయుట వాడుకయైనది. పిమ్మట ఆ రైతే గొడ్డలి కామకును, గుంటక దిండునకును వెలయిచ్చి కొయ్య కొనుచున్నాడు. ఈ నష్టమును గూర్చియే మేము సభ్యులకు విన్నవింపదలచితిమి.

ఎండిన టేకు ఘనమీటరునకు ఇంచుమించు 650 కిలోగ్రాములు తూగగా, తుమ్మ ఇంచుమించు 800 తూగును. గట్టిదనమున టేకునకు దాదాపు రెట్టింపు. దెబ్బకు పగులక తాళుకొనును. కనుకనే పెద్దలు బండిచక్రపు కుండకును, ఆకులకును, నాగలికిని, గానుగకును దీనినే యేరిరి. బండ్లు తగ్గినను పనిముట్ల కామలకును, మరల వెలయుచున్న చెక్కగానుగలకును దీని యవసరము తీఱలేదు. తలుపులకు, బల్లలకు మాత్రము టేకే మేలు; తుమ్మ బరువు, ఎండిన పిమ్మట రంపమునకు సులభముగా లొంగదు.

ఈ గుణమంతయు చేవయందే కలదు. బెరడు క్రింది తెల్లచెక్కలో పిండిపదార్థ ముండుటచే పురుగు చేరి దానిని తొలిచి పొడిచేయును. లేతచెట్టున చేవ తక్కువ. కావున సన్నని చెట్టును కలపకై కొట్టరాదు.

కొట్టిన వెంటనే బెరడు ఒలువవలెను. అది తోళ్లు పదునుచేయువారికి పనికివచ్చును. దుంగలను పచ్చిగానున్నపుడే ముతకగా చెక్కించినచో వడ్రంగికి శ్రమ తగ్గును. తరువాత వానిని కొన్ని నెలలు నీట పూర్తిగా మునుగునట్లుంచిన, పిండి కరగి పురుగుబాధ తగ్గును. పిదప నీడపట్టున, నేల తగులకుండ, వరుసల నడుమ పుల్లలుంచి పేర్చి ఆరనీయవలెను. ఎండలో పడవేసిన దుంగల కొనలు చీలును.

అమ్మకమునందు రెండు సంగతులు గమనింపదగినవి. నిలిచియున్న చెట్టునకు బేరము కుదుర్చుకొనక, కొట్టిన పిమ్మట చేవగల మొదళ్లను కలపగాను, కొమ్మలను వంటచెఱకుగాను వేఱువేఱుగా అమ్మవలెను. ఒక్కొక్కరి గట్టున రెండు మూడు చెట్లే యుండవచ్చును. నలుగురివి ఒకచోట చేర్చి, సంఘము ద్వారా వడ్రంగులతోను, గానుగలవారితోను మాటలాడిన ధర నిలుచును. చెఱువు లోపలి చెట్లు ఊరివి. వానిపై చేయి వేయరాదు. సొంతగట్టు చెట్టునకైనను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి కావలయునేమో ముందుగా అధికారులను విచారింపవలెను.

పొయ్యిలో పెట్టిన దుంగ ఒక్కపూట వంటకు సరి. చక్కగా ఆరిన చేవకొయ్య యేండ్ల తరబడి సేద్యమునకు అక్కఱకు వచ్చును. ఒక చెట్టు కొట్టినవారు రెండు మొలకలను కాచి పెంచుదురుగాక యని మా కోరిక.