నర్సు విద్యకు ఆసుపత్రి అనుభవము

మన బాలికలు కొందరు ప్రైవేటు ఆసుపత్రులలో ఆయాలుగా జేరి, ఆ అనుభవమే నర్సు విద్యకు అర్హత యగునని తలంచుచున్నారు. భారత నర్సింగు కౌన్సిలు నిబంధనలలో అట్టి మాట లేదు. రోగిసేవకు తన మనస్సు నిలుచునో లేదో అచట తెలియును. అంతవరకే దాని ఫలము.

పనిచేయుచు పైకి వచ్చు త్రోవ వేరొకటి గలదు. పండ్రెండవ తరగతి ముగించి, 2 ఏండ్ల ఏ.ఎన్.ఎం. శిక్షణ పొంది, రాష్ట్ర నర్సింగు కౌన్సిలున పేరు నమోదైనవారు 3 ఏండ్ల జి.ఎన్.ఎం. తరగతికి అర్హులు. అదియు ముగించి నమోదైనచో 2 ఏండ్ల పోస్టు బేసిక్ బి.ఎస్సి. చదువవచ్చును. సైన్సు చదువనివారికిని ఈ మార్గము మూసియుండదు. నేరుగా బి.ఎస్సి.లో జేరుటకు మాత్రము భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో కలిపి 45 శాతము మార్కులు, ఇంగ్లీషున ఉత్తీర్ణత వలయును. తెలుగు బడి పిల్లలకు ఈ ఇంగ్లీషే గండము. ఆయా కొలువునకు వెచ్చించు దినములలో కొంత దానికి కేటాయింపవలెను.