గండికోటలో ఒక రాత్రి

దర్శి ప్రాంతమున 'గండి' అన్న మాట చెవిని పడగానే రైతు గుండె ఝల్లుమనును. చెరువు కట్టకో, సాగరు కాలువ గట్టుకో గండి పడినదనగా మిరపతోటకు నీరు తప్పినదన్నమాట. పొదిలి, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటి కడప జిల్లా జమ్మలమడుగు చేరినవారికి అదే మాట వేరొక అర్థమున వినబడును. అచట పెన్నానది ఎఱ్ఱమల కొండలకు గండి కొట్టినది. ఆ గండి అంచుననే కోట వెలసినది. ఒక వైపున శత్రువునకు ఆ లోయయే అగడ్త.

దీనిని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చుట నేడు వాడుక. అచ్చమైన తెలుగు పేరుండగా అరువు పేరేల? అది సుమారు మైలు లోతు. ఇది దాదాపు మూడువందల అడుగులు. కొలతలో పోలిక నిలువదు గాని, ఏర్పడిన తీరులో కొంత నిలుచును. కొలరాడో నది రాకీ పర్వతముల మంచునీటిని, పెన్న నందికొండల దిక్కునుండి వరదనీటిని మెట్టసీమలోనికి తెచ్చును. వరదతో దొరలు ఇసుక, గులకరాళ్లు నది అడుగును రంపమువలె కోయును. ప్రక్కగోడలను అరగదీయుటకు స్థానికముగ వాన చాలదు. రాయి మిక్కిలి కఠినము. అందుచే గోడలు నిటారుగ నిలిచినవి. ఆ రాయి వందకోట్ల సంవత్సరములకు పైబడినది. ఒకనాటి లోతులేని సముద్రపు ఇసుకయే గట్టిపడి అట్లయినది.

బస్సు దిగి, ఛాయాచిత్రము తీసికొని, అరగంటలో మరలు విద్యార్థికి ఇది పట్టుబడదు. ఒక రాత్రి అచట గడపవలెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాను కలిసికొన వచ్చినది ఈ కోటకే. మాధవరాయాలయమును, జుమ్మా మసీదును, ధాన్యాగారమును పగటనే చూచి, ప్రొద్దు గ్రుంకకమునుపే గుడారములు వేయవలెను.

వేసవిలో ఆ బండలపై పగలు నిలువలేరు. కార్తీక, మార్గశిరములు అనుకూలములు. బండలో మేకు దిగదు గనుక త్రాళ్లను బరువైన రాళ్లకు కట్టవలసివచ్చును. త్రాగునీరు వెంట నుండవలెను. లోయ అంచున చాలచోట్ల కంచె లేదు. గుడారము అంచునకు దగ్గరగా నున్న ముచ్చటగా నుండునని పిల్లలు మారాము చేయుదురు. ఉపాధ్యాయుడు ఒప్పుకొనరాదు. నిద్రమత్తున లేచిన పిల్లవానికి చీకటిలో బండ ఎక్కడ ముగియునో తెలియదు.

దీపము లార్పిన కొంతసేపటికి పగటి వేడి వీపు క్రింది బండనుండి ఇంకను తెలియుచుండును. పిమ్మట లోయమీదినుండి చలిగాలి తగులును. తెల్లవారి, తలలు లెక్కించిన తరువాతనే అంచువైపు నడక. అప్పటికి క్రింద నీటిపై నీడ విడిచియుండదు. పై వరుస రాళ్లపై మాత్రము ఎఱ్ఱని ఎండ పడియుండును.