పంచాయతీ ట్రాక్టరు: ఛార్జింగు తీగల రక్షణ

ఇంజను ఆపి తాళపుచెవి తీసినచో ట్రాక్టరులోని విద్యుత్తు అంతయు ఆగిపోవునని పెక్కుమంది తలచుచుందురు. అది నిజము కాదు. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి పోవు లావుపాటి తీగలో రాత్రింబగళ్లు విద్యుత్తు నిలిచియే యుండును. దానికి తాళముతో సంబంధము లేదు. పెక్కు పాత బండ్లలో ఆ తీగకు ఫ్యూజు కూడ ఉండదు. షెడ్డులో నిలిపియున్న బండి కూడ ఈ తీగ మూలమున అంటుకొనవచ్చును.

తెలంగాణలో 2019 నుండి పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూడినవి. చెత్త ఎత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును అవియే ఆధారము. తొలుత కొన్నవానికి ఐదేండ్లు దాటినవి. ఎండకు, నూనెకు, ఇంజను వేడికి తీగల తొడుగు పెళుసుబారు కాలమిదియే గనుక సభ్యులు ఈ విషయమును గమనింపవలసియున్నది.

ఇంజను తిరుగునపుడు ఆల్టర్నేటరు సుమారు 14 వోల్టుల విద్యుత్తును పుట్టించి 12 వోల్టుల బ్యాటరీని నింపును. బ్యాటరీ ఋణధ్రువము సాధారణముగా బండి ఇనుమునకే కలుపబడి యుండును. అనగా బండి దేహమంతయు ఒక తీగ వంటిదే. లావుపాటి తీగ తొడుగు ఒరిసిపోయి, లోని రాగి ఆ ఇనుమును తాకినచో విద్యుత్తునకు అడ్డదారి దొరకును. దీనినే షార్టు అందురు. ఆల్టర్నేటరు ఇచ్చునది 35, 40 ఆంపియర్లు. షార్టు అయిన బ్యాటరీ క్రుమ్మరించునది కొన్ని వందల ఆంపియర్లు. తీగ క్షణములలో ఎర్రగా కాలును. ప్రక్కనే డీజిలు గొట్టము!

కావుననే ఫ్యూజును ఆల్టర్నేటరు వద్ద గాక, బ్యాటరీకి జానెడు దూరములో అమర్చవలెను. దాని విలువ ఆల్టర్నేటరు శక్తికంటె కొంత ఎక్కువగను, తీగ ఓర్వగల దానికంటె తక్కువగను ఉండవలెను. 35 ఆంపియర్ల ఆల్టర్నేటరునకు 50 ఆంపియర్ల ఫ్యూజు, దానికి తగిన లావు తీగ సరిపోవును. ఫ్యూజు కాలినపుడు దాని స్థానమున రాగితీగ చుట్టు అలవాటు మన ఊళ్లలో కలదు. ఫ్యూజు కాలినదన్న ఎక్కడనో దోషము కలదని అర్థము. ఆ చోటు వెదకక రాగి చుట్టినచో మరుసారి కాలునది ట్రాక్టరే.

తీగ ముఖ్యముగా ఒరిసికొనునది ఇనుపరేకు రంధ్రములలో దూరు చోటనే. అచ్చట రబ్బరు తొడుగు ఉండితీరవలెను. పొగగొట్టమునకు, డీజిలు గొట్టమునకు దూరముగా తీగను బిగించి కట్టింపవలెను. చిట్లిన తీగకు టేపు చుట్టుట కొద్దిదినముల ఉపాయమే. వేడికి జిగురు కరగి టేపు జారిపోవును. తీగనే మార్పించుట మేలు. ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు.

పరీక్ష సులభము. అన్ని స్విచ్చులు ఆపి, బ్యాటరీ ఋణధ్రువపు తీగ విప్పి, ఆ తీగకును ధ్రువమునకును నడుమ 12 వోల్టుల చిన్న బల్బు కలుపవలెను. బల్బు వెలిగినచో ఎక్కడనో విద్యుత్తు కారిపోవుచున్నది. ఆల్టర్నేటరు వద్ద లావుపాటి తీగను విప్పి, దాని కొన దేనికిని తాకకుండ పట్టి చూడవలెను. అప్పుడు బల్బు ఆరినచో దోషము ఆల్టర్నేటరులోనే, ఆరనిచో తీగలలోనో మరెక్కడనో.

బ్యాటరీ విప్పునపుడు ఋణధ్రువమును మొదట విప్పి, కడపట బిగింపవలెను. అట్లయిన పానా ఇనుమునకు తగిలినను నిప్పురవ్వ రాదు. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగ తీయరాదు. ఆల్టర్నేటరులోని డయోడ్లు చెడును. బండికి వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలు రెండును, ఆల్టర్నేటరు తీగయు విప్పియుంచవలెను.

ఈ పనులు మామూలు సర్వీసింగులో తమంత తాము జరుగునని మేము చెప్పజాలము. సభ్యులు అడిగి చేయించి, ట్రాక్టరు లాగుపుస్తకములో తేదీతో వ్రాయింపవలెను. డ్రైవరు చేతికందు చోట పొడి రకపు అగ్నిమాపక యంత్రము ఒకటి ఉంచవలెను. డీజిలు మంటపై నీరు చల్లరాదు.