పరికరమునకు హద్దులు మార్చు వేళ

2025 మే నెలలో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి నవ రాయపూర్‌లో కృత్రిమ మేధకై ఉద్దేశించిన డేటా సెంటర్ పార్కునకు శంకుస్థాపన గావించిరి. ఇట్టి కేంద్రములలో నేడొక వినియోగదారుని వర్చువల్ యంత్రమునకు అద్దెకిచ్చిన గ్రాఫిక్స్ కార్డును రేపు మరియొకనికిచ్చుట పరిపాటి గనుక, ఆ చేతులు మారు క్షణమున ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ చేయు రక్షణకార్యము మనమెరుగదగినది.

గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరములు ప్రాసెసర్ ప్రమేయము లేకయే మెమరీని స్వయముగా చదువగలవు, వ్రాయగలవు. ఈ స్వేచ్ఛకు హద్దు లేనిచో ఒకని సమాచారము వేరొకని పాలగును. ఆ హద్దును నిలుపు హార్డ్‌వేరే ఐఓఎంఎంయూ. పరికరమడిగిన ప్రతి చిరునామాను అది ఒక పట్టికలో వెదకి, అందులేనిదానిని నిరాకరించును. ఆ పట్టికకు కెర్నెల్ రచయితలు పెట్టుకొన్న పేరు డొమైన్.

చిక్కంతయు డొమైన్ మార్చుటలోనున్నది. ఒకదానినుండి మరొకదానిని వేరుచేసి కాపాడ వీలుగాని పరికరములను లైనక్స్ కెర్నెల్ ఒకే గుంపుగా నెంచి, అన్నిటినొకే డొమైన్‌లో నుంచును. మూడు పరికరముల గుంపులో రెండు కొత్త డొమైన్‌కు చేరిన పిదప, మెమరీ చాలకనో, హార్డ్‌వేర్ ఆ పట్టికకు ఇమడకనో మూడవది విఫలమైనదనుకొందము. అప్పుడు కెర్నెల్ దోషసంకేతము మాత్రమిచ్చి విరమించినచో, ఆ మార్పునడిగినవాడు ఏమియు జరుగలేదని తలచి కొత్త పట్టికను విడుదల చేయును. కాని మొదటి రెండు పరికరములు ఆ విడుదలైన మెమరీనే పట్టికగా నమ్ముచుండును. ఆ మెమరీ వేరొక పనికి వినియోగపడినంతనే, అందలి యాదృచ్ఛిక సంఖ్యలు చిరునామాలై, పరికరము ఎచ్చట వ్రాయునో ఎవరికిని తెలియదు. ఇంతకంటె భయంకరమైన దోషము నాకు తోచదు. ఏలయన, అది చప్పుడు చేయదు.

కావున విఫలమైనంతనే ముందు వెళ్లిన రెండింటిని పాత డొమైన్‌కు మరల్పవలయును. 2023లో లైనక్స్ కెర్నెల్ రచయిత జేసన్ గన్‌థోర్ప్ ఈ భాగమును పునర్నిర్మించి, గుంపు మార్పును, మరలింపును ఒకే చోటికి చేర్చెను. మరలింపు సైతము విఫలమైనచో? అది జరుగరాదనియే కెర్నెల్ భావన. జరిగినచో పెద్ద హెచ్చరిక వెలువడును, ఏలయన ఒకప్పుడంగీకరించిన డొమైన్‌ను ఐఓఎంఎంయూను నడుపు డ్రైవర్ మరల నిరాకరించుటకు న్యాయమైన కారణముండదు.

అందుచేతనే నిపుణుడైన డ్రైవర్ రచయిత విఫలము కాగల పనులన్నిటిని, ముఖ్యముగా మెమరీ సేకరణను, హార్డ్‌వేర్‌ను తాకకముందే ముగించును. ఎట్టి దారియు మిగులనిచోట, ఏ చిరునామాను అనుమతింపని నిరోధక డొమైన్ కలదు. పరికరము పనిచేయకున్నను, అన్యుల మెమరీ సురక్షితముగానుండును.