శాలువా ఎవరి భుజాన?



క్రిస్మసు వచ్చినా, కోతపండుగ వచ్చినా మన సంఘములలో సన్మానాలకు కొదువ ఉండదు. గుడికి ఫ్యాన్లు ఇచ్చిన దాతకు శాలువా, మైకుసెట్టు ఇచ్చిన వారికి దండ, సర్పంచి గారికి జ్ఞాపిక. ఇది తప్పని నేను అనను. ఎవరికి గౌరవము చెందాలో వారికి ఇవ్వాలని వాక్యమే నేర్పింది. అయితే కొన్నేండ్ల క్రితము జరిగిన ఒక సంగతి నా మనస్సులో ముల్లువలె నిలిచిపోయింది.

ఆళ్లగడ్డ వైపు ఒక పల్లెలో కోతపండుగ ఆరాధన జరుగుతోంది. వేదిక మీద నలుగురికి శాలువాలు కప్పించాను. వెనుక చాప మీద ఒక తల్లి, ముప్పై ఏండ్లు దాటిన తన కుమారుని చేయి పట్టుకొని కూర్చున్నది. అతనికి మాటలు సరిగా రావు, ఎదిగిన శరీరములో పసివాని బుద్ధి అని ఊరివారు అంటారు. చప్పట్లు వినబడినప్పుడల్లా లేచి గట్టిగా నవ్వుతున్నాడు. కార్యక్రమము చెడిపోతుందని నేనే ఒక పెద్దను పంపి, వారిద్దరినీ బయట వేపచెట్టు కింద కూర్చోమన్నాను.

ఆరాధన ముగిసిన తరువాత ఆ తల్లి నా యొద్దకు వచ్చింది. కోపపడలేదు. "అయ్యగారూ, నేను ఉన్నన్ని దినాలు చెట్టుకిందనే కూర్చోబెట్టుకుంటా. నేను పోయినంక వీన్ని ఎవరు కూర్చోబెట్టుకుంటారు?" అని అడిగింది. నా యొద్ద జవాబు లేదు. ఆ దినము నేను శాలువాలు కప్పినవారిలో ఎవరి యొద్దా లేదు.

మాకీరు ఎవరు?

మెఫీబోషెతు కథ మనకందరికీ తెలుసు. ఐదేండ్ల వయస్సులో దాది చేతినుండి పడి రెండు కాళ్లూ కుంటివైన యోనాతాను కుమారుడు. దావీదు అతనిని పిలిపించి తన బల్ల యొద్ద కూర్చోబెట్టుకున్నాడని ఎన్నో ప్రసంగాలు చేశాము. కాని దావీదు పిలిపించకముందు అతడు ఎక్కడ ఉన్నాడు? లోదెబారులో, అమ్మీయేలు కుమారుడైన మాకీరు ఇంట. అప్పటికి అతనికి ఒక చిన్న కుమారుడు కూడా ఉన్నాడు. రాజ్యము పోగొట్టుకొన్న వంశపు మనుష్యుని, నడవలేని మనుష్యుని ఇంట ఉంచుకొనుటలో మాకీరుకు ఏమి లాభము? ఏమీ లేదు, పైగా అపాయము ఉండవచ్చు. మనము రాజు బల్లను గురించి ప్రసంగించాము గాని మాకీరు అన్నము పెట్టిన సంగతి మరచిపోయాము.

తరువాత అబ్షాలోము తిరుగుబాటు నాడు దావీదే అడవిపాలైనప్పుడు, మహనయీముకు పరుపులు, పాత్రలు, గోధుమలు, పప్పులు మోసుకొని వచ్చినవారిలో ఈ మాకీరు ఒకడు. దిక్కులేనివానిని ఆదుకొన్న చేయి రాజుకూ అక్కరకు వచ్చింది. మెఫీబోషెతుది కాళ్ల వైకల్యమే, బుద్ధికి సంబంధించినది కాదు. అయినా ఆ తల్లి అడిగిన ప్రశ్నకు లేఖనములో నాకు దొరికిన మొదటి జవాబు మాకీరే.

మన ఊళ్లలోని మాకీరులు

ఆ తరువాత నేను కండ్లు తెరచి చూశాను. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే షెడ్లు మీరు చూసే ఉంటారు. అందులో ఒక మేస్త్రి ఆ తల్లి కుమారునికి పని ఇచ్చాడు. ఉలి చేతికి ఇవ్వలేదు. నీళ్లు పోసి రాయిని రుద్దే పని ఇచ్చాడు. మాటలతో చెప్పకుండా చేయి పట్టుకొని చూపించాడు. ప్రతిదినము అదే వేళ, అదే చోటు, అదే పని. మొదటి నెలలో రెండు రాళ్లు పాడైనాయి. మేస్త్రి మాన్పించలేదు. "పనిలో చేరినప్పుడు నేనెన్ని పాడుచేశానో మా గురువుకు తెలుసు" అన్నాడు. శనివారము కూలి డబ్బు అతని చేతికే ఇస్తాడు. అతడు తీసుకొనిపోయి తల్లి చేతిలో పెడతాడు.

నంద్యాలలో ఒక రిటైరైన పంతులమ్మ ఉన్నది. వైకల్య ధ్రువపత్రము కొరకు పల్లెలనుండి వచ్చే తల్లులను బస్టాండులో కలుసుకొని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోతుంది, వరుసలో తానూ నిలబడుతుంది. మరొక ఊరిలో పొదుపు సంఘము నాయకురాలు, ఇల్లు విడువలేని ఒక తల్లి కొరకు నెలనెలా సమావేశము ఆమె ఇంటి అరుగు మీదనే పెడుతున్నది. వీరికి పదవులు లేవు, ఫ్లెక్సీలు లేవు. అయినా నాయకులంటే వీరే.

దారి వేసినవారు

ఈ పని మన తెలుగునాట కొత్తది కాదు. ఠాకూర్ హరిప్రసాద్ గారు 1968లోనే హైదరాబాదులో మానసిక వికలాంగుల కొరకు సంస్థ ప్రారంభించారు. 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ ఏర్పడింది. 1991లో మంజులా కల్యాణ్ గారు సికింద్రాబాదులోనే 'స్వయంకృషి' స్థాపించి, బుద్ధిమాంద్యము గల స్త్రీలు పెద్దవారైన తరువాత కూడా కలిసి బ్రతికి, పని నేర్చుకొనే ఇండ్లు నడిపారు. మన సీమలో విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురము జిల్లాలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపల్లెలో వికలాంగుల సంఘాలు కట్టింది. ఆయన 2009లో కన్నుమూసినా ఆయన పేరు సీమ పల్లెలు మరువలేదు. బిడ్డను దాచిపెట్టవద్దు, బయటికి తీసుకొని రమ్మని వీరందరూ తల్లిదండ్రులకు ధైర్యము చెప్పారు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

ధ్రువపత్రము ఉంటే మన రాష్ట్రములో 2024నుండి నెలకు 6,000 రూపాయల పింఛను వస్తున్నది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. బిడ్డకు 18 ఏండ్లు నిండితే చట్టము దృష్టిలో అతడు పెద్దవాడు. అతని తరఫున సంతకము చేసే హక్కు తల్లిదండ్రులకు తనంతట తానుగా ఉండదు. అందుకే 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చింది. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారికి ఇది వర్తిస్తుంది. జిల్లా కలెక్టరు గారు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి, తమకు నమ్మకమైన వ్యక్తిని సంరక్షకునిగా నియమించమని తల్లిదండ్రులు కోరవచ్చు. ఆ సంరక్షకుడు ఆరు నెలలలోపు ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చూపాలి. 2022లో నంద్యాల జిల్లా అయినప్పటినుండి మనవారు ఇందుకు కర్నూలు పోనక్కరలేదు. ఇదే ట్రస్టు 'నిరామయ' పేరున లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా ఇస్తున్నది.

ఒక హెచ్చరిక

గౌరవించుట వేరు, విగ్రహము చేయుట వేరు. కెనడా దేశస్థుడైన జాన్ వానియే 1964లో ఫ్రాన్సులో 'లార్ష్' అను సహవాసము స్థాపించాడు. బుద్ధిమాంద్యము గలవారితో ఒకే ఇంట బ్రతుకుట దాని పద్ధతి. 1970లో బెంగుళూరులో 'ఆశానికేతన్' కూడా ఆ మార్గములోనే వచ్చింది. లోకమంతా ఆయనను పరిశుద్ధునివలె చూసింది. 2019లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడు ఆ సంస్థే చేయించిన విచారణలో, ఆయన పలువురు స్త్రీలను లైంగికముగా దుర్వినియోగము చేశాడని తేలింది. వారు వికలాంగులు కారు, ఆయనను ఆత్మీయ తండ్రిగా నమ్మినవారు. సంస్థ ఆ నిజమును దాచలేదు. కాబట్టి శాలువా కప్పేముందు విచారిద్దాము, కప్పిన తరువాత కూడా గమనిద్దాము. నోరులేని వారిని ఎవరి చేతిలో పెట్టినా సంఘము కన్ను మూసుకొనరాదు. పింఛను అతనికే ఖర్చవుతున్నదా? ఒంటి మీద దెబ్బలున్నాయా? భయపడుతున్నాడా? ఇవి అడిగితే అవమానము కాదు.

మరుసటి కోతపండుగ

మరుసటి ఏడు అదే పల్లెలో అదే ఆరాధన. మేస్త్రిని పిలిపించాను. షెడ్డునుండి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా రాతిపొడి. శాలువా కప్పుటకు పెద్దలెవరినీ పిలువలేదు. ఆ తల్లి కుమారుని చేతికి ఇచ్చాను. అతడు దానిని తిరగేసి కప్పాడు. ఎవరూ సవరించలేదు. చప్పట్లు కొట్టినప్పుడు అతడు ఎప్పటివలె గట్టిగా నవ్వాడు. ఈసారి సంఘమంతా నవ్వింది. వారిద్దరినీ చెట్టు కిందికి పంపినది నేనేనని ఆ దినము సంఘము ముందు ఒప్పుకొన్నాను.

శాలువాతో ఆ తల్లి ప్రశ్న తీరలేదు. ఆరాధన తరువాత సంఘములోని మూడు కుటుంబాలు ఆమె యొద్ద కూర్చున్నాయి. వారిలో ఒకరు సంరక్షకునిగా ఉండుటకు ఒప్పుకొన్నారు. దరఖాస్తు రాసుకొని పంతులమ్మతో కలిసి నంద్యాల పోయారు. తక్కిన రెండు కుటుంబాలు వంతుల ప్రకారము ఆదివారపు భోజనము తమ ఇంట అన్నారు. ఆ తల్లి నన్ను మరల ఆ ప్రశ్న అడుగలేదు.

ప్రియులారా, మీ సంఘములో వెనుక చాప మీద ఎవరు కూర్చున్నారు? మీ ఊరిలో మాకీరు ఎవరు? రాబోయే పండుగకు శాలువాలు కొనకముందే ఈ రెండు పేర్లు వెదకి పెట్టుకోండి.