అంత చిన్న ఇంజనుకు అంత బలమెక్కడిది?

కోనసీమలో కాలువ గట్టు వెంట నడుస్తున్నప్పుడు పాత లిస్టర్ రకం డీజిల్ ఇంజను చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? టక్ టక్ టక్ మంటూ తాపీగా పనిచేస్తుంది. నిమిషానికి 650 చుట్లు దాని వేగం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొకసారి మాత్రమే ఇంధనం మండుతుంది కనుక సెకనుకు అయిదు దెబ్బలు, ఆపైన కొంచెం. చెవి ఒగ్గి వింటే ఒక్కొక్క దెబ్బనూ పోల్చుకోవచ్చు.

అంతలో గట్టు రోడ్డు మీద ఒక పాత మారుతి జెన్ కారు, ముందున్న లారీని దాటడానికి గేరు తగ్గించి రయ్యిన దూసుకుపోయిందనుకోండి. 1993లో మన దేశంలో విడుదలైన ఈ బుల్లి కారు తన పూర్తి శక్తిని ఇచ్చేది 6500 చుట్ల దగ్గర. సరిగ్గా పదిరెట్లు! నాలుగు సిలిండర్లూ కలిసి సెకనుకు సుమారు 217 దెబ్బలు కొడతాయి. ఇక విడివిడిగా ఏం వినిపిస్తాయి? అన్నీ కలిసిపోయి ఒకే స్వరమవుతాయి. ఆ 'రయ్యి'మనే కూత అదే.

జెన్ సిలిండర్లన్నిటి పరిమాణం 993 ఘన సెంటీమీటర్లే. అయినా తొలి జెన్ శక్తి 50 అశ్వశక్తులు. అంబాసిడర్ కారు పాత పెట్రోలు ఇంజనుదీ దాదాపు అంతే శక్తి. కాని దాని పరిమాణం 1489 ఘన సెంటీమీటర్లు, వేగం 4200 చుట్లు. పెన్సిలు తీసుకొని పరిమాణాన్ని వేగంతో గుణించి చూడండి. అంబాసిడర్‌కు సుమారు 62 లక్షల 54 వేలు, జెన్‌కు 64 లక్షల 55 వేలు. రెండూ ఇంచుమించు సమానమే! ఒక్కొక్క దెబ్బలో తక్కువ పని జరిగినా, ఎక్కువ దెబ్బలు కొట్టి చిన్న ఇంజను లెక్క సరిచేసుకుంటుంది.

అయితే అంబాసిడర్ ఇంజనునే 6500 చుట్లు తిప్పరాదా? ఇక్కడే ఉంది అసలు చిక్కు.

అంబాసిడర్ పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికి నడిచే దూరం 89 మిల్లీమీటర్లు. జెన్ పిస్టన్‌ది 61 మాత్రమే. సిలిండరు వెడల్పు 72. అంటే పొడవు కంటే వెడల్పే ఎక్కువ. అంతర్వేది తీర్థానికి నాన్న వెంట నడిచే పిల్లవాణ్ణి చూడండి. నాన్న పెద్ద అంగలు వేస్తాడు, వాడు చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తాడు. ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. లెక్కవేస్తే అంబాసిడర్ పిస్టన్ సగటు వేగం సెకనుకు సుమారు 12.4 మీటర్లు, జెన్‌ది 13.2. తేడా స్వల్పమే కదా!

కాని పిస్టన్ కేవలం పరుగెత్తదు. ప్రతి కొసనా ఆగి, వెనుదిరగాలి. చేతిలో ఒక రాయి పట్టుకొని (కాస్త దూరంగా నిలబడి!) ముందుకూ వెనక్కూ ఊపండి. ఊపు వేగం రెట్టింపు చేస్తే చేతికి తెలిసే గుంజుడు నాలుగు రెట్లవుతుంది. 6500 చుట్ల దగ్గర జెన్ పిస్టన్ పై కొసన వెనుదిరిగేటప్పుడు దాని త్వరణం గురుత్వ త్వరణానికి 1400 రెట్లకు పైమాటే. అందుకే పిస్టన్‌నూ, దాన్ని పట్టుకొన్న కనెక్టింగు రాడ్‌నూ వీలైనంత తేలికగా చేస్తారు.

వాల్వులదీ ఇదే కథ. అంబాసిడర్‌లో క్యామ్ షాఫ్ట్ కింద ఉంటుంది. పొడవాటి కడ్డీలు పైకి తోస్తే వాల్వులు తెరుచుకుంటాయి. మూసేది స్ప్రింగు. వేగం మితిమీరితే ఆ కడ్డీల బరువును స్ప్రింగు సకాలంలో వెనక్కి నెట్టలేదు; వాల్వు గాలిలో తేలినట్లు ఉండిపోతుంది, శక్తి పడిపోతుంది. జెన్‌లో క్యామ్ షాఫ్ట్ వాల్వుల మీదనే ఉంది. కడ్డీల బెడద లేదు. పైగా 6500 చుట్ల దగ్గర సిలిండరులోకి గాలి పీల్చుకొనే స్ట్రోకుకు సెకనులో 216వ వంతే వ్యవధి! మండడానికీ అంతే. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్కు ముందుగానే పడాలి.

ఇంత హడావిడి ఊరికే రాదు. తక్కువ చుట్ల దగ్గర ఇలాంటి ఇంజను నీరసంగా లాగుతుంది. అందుకే లారీని దాటడానికి ఆ డ్రైవరు గేరు తగ్గించాడు. పొలంలో గంటల తరబడి నీళ్లు తోడడానికి నన్నడిగితే ఆ టక్ టక్ ఇంజనుకే ఓటు.

నీరు త్వరగా పారాలని కొందరు అలాంటి ఇంజను గవర్నరును సవరించి వేగం పెంచాలని చూస్తారు. 650 చుట్లకు చేసినదాన్ని 1300 తిప్పితే, దాని బరువైన పోత ఇనుప ఫ్లైవీలును చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. చక్రం పగిలిందంటే ముక్కలు అది తిరిగే వైపుకే ఎగురుతాయి. కనుక మీరు ఏ ఇంజను దగ్గర నిలబడినా, ఫ్లైవీలు అంచుకు ఎదురుగా మాత్రం నిలబడకండి.