అరబీలో 'ఉంది' అనే మాట ఏది?

ఖుర్ఆన్ పారాయణం వచ్చినా అర్థం తెలియనివారు మనలో చాలామంది ఉన్నారు. అర్థం నేర్చుకుందామని కూర్చున్నవారికి మొదటి పాఠాల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది.

"ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు" అనడానికి అరబీలో "ఫిల్ బైతి రజులున్" అంటారు. 'ఫీ' అంటే లోపల, 'బైత్' అంటే ఇల్లు, 'రజుల్' అంటే మనిషి. మరి 'ఉన్నాడు' ఏది?

వర్తమానంలో అరబీకి ఆ మాట అక్కర్లేదు. పదాల వరసే ఆ పని చేస్తుంది. "అర్రజులు ఫిల్ బైతి" అంటే మనకు తెలిసిన ఆ మనిషి ఇంట్లో ఉన్నాడని అర్థం. కొత్తగా ప్రస్తావించే మనిషైతే చోటు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.

ఈ వరస తెలుగువారికి కొత్త కాదు. "బల్ల మీద ఏముంది?" అంటే "బల్ల మీద పుస్తకం ఉంది" అంటాం. "పుస్తకం ఎక్కడుంది?" అంటే "పుస్తకం బల్ల మీద ఉంది" అంటాం. అరబీ వరస కూడా ఇదే.

ఇంకో రెండు పద్ధతులున్నాయి. ఒకటి 'హునాక'. దీనికి అసలు అర్థం 'అక్కడ'. "హునాక కితాబున్" అంటే ఒక పుస్తకం ఉంది. రెండోది 'యూజదు', అంటే 'కనబడుతుంది, దొరుకుతుంది'. స్త్రీలింగ పదమైతే 'తూజదు' అవుతుంది. ఉర్దూలో మనం వాడే 'మౌజూద్', 'వజూద్' ఈ ధాతువు నుంచి వచ్చినవే.

గతం చెప్పాలంటే ముందు 'కాన' చేర్చాలి: "కాన ఫిల్ బైతి రజులున్", ఇంట్లో ఒక మనిషి ఉండేవాడు. లేదనడానికి 'లైస' చేర్చాలి: "లైస ఫిల్ బైతి రజులున్".

"లా రజుల ఫిల్ బైతి" అంటే ఇంకా గట్టి మాట: ఇంట్లో మనిషన్నవాడే లేడు. ఇక్కడ 'రజులున్' కాస్తా 'రజుల' అయింది. ఈ 'లా' ఆ జాతి మొత్తాన్నీ లేదంటుంది. కలిమా మొదలయ్యేది ఈ 'లా'తోనే. ఆరాధనకు అర్హులెవరూ లేరని ముందు పూర్తిగా తోసిపుచ్చి, ఆ తర్వాతే అల్లాహ్‌ను మినహాయిస్తుంది. చిన్నప్పటి నుంచీ పలికే ఆ మాట బలం ఈ ఒక్క వ్యాకరణ సూత్రంతో బోధపడుతుంది.

దాతలకు ఒక మనవి. అరబీ పుస్తకాలు ఇప్పించేటప్పుడు పాఠం తెలుగులో వివరించే పుస్తకాలను కూడా చేర్చండి. ఈ తాళం చెవి పిల్లల ఇంటి భాషలోనే ఉంది.